ఎలుక చెవిలోని ఎర్ర నలుసు: చిగ్గరు నల్లుల వర్గీకరణ చరిత్ర

తొలకరి వానలకు నేల మెత్తబడి ఆరుద్ర కార్తె ప్రవేశించుసరికి, మన చేలగట్లమీదను ఇసుక నేలలలోను ఎర్రని పట్టుగుడ్డ తునకలవలె ఆరుద్ర పురుగులు ప్రాకుచుండును. పిల్లలు వానిని అరచేతిలో పెట్టుకొని ఆడుకొందురు. పేరులో పురుగు అని ఉన్నను ఇది కీటకము కాదు. దీనికి ఎనిమిది కాళ్లు కలవు. సాలెపురుగు, తేలు, పిడుదు ఏ తరగతికి చెందినవో ఆరుద్ర పురుగు కూడ ఆ అరాక్నిడా తరగతికే చెందినది.

ఈ ఆరుద్ర పురుగునకు దూరపు చుట్టము ఒకటి కలదు. దాని పిల్ల మిల్లీమీటరులో అయిదవ వంతు మాత్రమే ఉండును. ఎలుక చెవి లోపల నారింజ రంగు పొడి చల్లినట్లు గుంపుగా పట్టి ఉండును. ఇంగ్లీషువారు దీనిని ‘చిగ్గర్’ అందురు. మనము ‘చిగ్గరు నల్లి’ అందము. నల్లి అనగా ఇక్కడ మంచపు నల్లి కాదు. అది ఆరు కాళ్ల కీటకము. మిరప చేలకు ఎర్రనల్లి పట్టినదని రైతులు చెప్పునపుడు ఏ అర్థములో వాడుదురో, ఆ అర్థములోనే ఈ మాటను గ్రహింపవలెను.

వర్గీకరణశాస్త్రమనగా లాటిను పేర్లను వల్లెవేయుట అని మన విద్యార్థులలో ఒక భావము ఉన్నది. గుమాస్తా దస్త్రములకు అంకెలు వేసినట్లు శాస్త్రజ్ఞుడు జీవులకు పేర్లు పెట్టునని, అంతకు మించి అందులో ఏమియు లేదని వారు తలంతురు. చిగ్గరు నల్లి చరిత్ర ఈ భావమునకు తగిన సమాధానము. ఈ నల్లి పేరు తప్పినంతకాలము, ప్రాణాంతకమైన ఒక జ్వరము ఏ నేలలో పొంచియుండునో, ఏ నెలలో వచ్చునో మానవుడు సరిగా చెప్పలేకపోయినాడు. పేరు సరియైనకొలది ఆ జ్వరము గుట్టు బయటపడినది.

నదీతీరపు జ్వరము

జపాను దేశపు పశ్చిమోత్తర భాగమున నీగటా, యమగాటా, అకీటా అను మండలములు ఉన్నవి. అక్కడి షినానో, అగానో, మొగామి, ఒమొనో నదులు వరదలు వచ్చి తగ్గిన పిమ్మట ఒడ్డున సారవంతమైన ఒండ్రు మిగులును. ఆ లంక భూములలో వేసవియందు పనిచేయు రైతులకు తీవ్రమైన జ్వరము వచ్చుచుండెడిది. ఒంటిమీద ఎక్కడనో ఒక చిన్న నల్లని పొక్కు కట్టును. దాని ప్రక్కన బిళ్లలు వాచును. తరువాత తలనొప్పి, ఒంటిమీద దద్దురు, మగత. కొన్ని చోట్ల జ్వరము తగిలిన నూరుమందిలో ముప్పదిమంది వరకు మరణించుచుండిరి. ప్రజలు దీనిని ‘త్సుత్సుగముషి’ అనిరి. ‘త్సుత్సుగ’ అనగా కీడు. ‘ముషి’ అనగా పురుగు. మన గ్రామములలో మశూచి వచ్చినపుడు పోలేరమ్మను కొలిచినట్లే, వారును ఈ పురుగు పేర చిన్న గుడులు కట్టి మ్రొక్కుకొనిరి.

పురుగునకు జ్వరమునకు సంబంధమున్నదని పండితులకంటె ముందు రైతులే గుర్తించినారన్నది గమనింపదగిన విషయము. 1878లో నీగటాలో పనిచేయుచుండిన వైద్యుడు థియోబాల్డ్ పామ్ అను ఆయన ఈ వ్యాధిని గూర్చి పాశ్చాత్య పాఠకులకు మొదట తెలియజేసినాడు. మరుసటి సంవత్సరము జర్మను వైద్యుడు బేల్జ్, జపాను వైద్యుడు కవకామి కలిసి ‘జపాను నదీ జ్వరము లేక వరద జ్వరము’ అను పేర మరియొక వ్యాసము ప్రకటించినారు. రైతులు మాత్రము ‘అకముషి’ని, అనగా ఎర్రపురుగును వేలెత్తి చూపుచునే ఉండిరి.

ఆ ఎర్రపురుగు ఏది? దానికి ఎనిమిది కాళ్లు కాక ఆరు కాళ్లు మాత్రమే ఏల ఉన్నవి? ఇక్కడనే వర్గీకరణకు పని తగిలినది.

ఆరు కాళ్ల చిక్కు

ఈ చిక్కు జపానులో పుట్టినది కాదు. ఐరోపాలో కోతలకాలమున పొలములలో తిరుగువారి కాళ్లకు పట్టి దురద పుట్టించు నల్లి ఒకటి కలదు. 1790లో ఇంగ్లండుకు చెందిన జార్జి షా దానికి ‘ఆటమ్నాలిస్’ అని, అనగా శరత్కాలపుదని జాతి నామము పెట్టినాడు. 1796లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాత్రేయ్ ఆరు కాళ్ల నల్లుల కొరకు ‘లెప్టస్’ అను ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచినాడు. కాని కప్పపిల్లకు తోక ఉన్నదని దానిని కప్పనుండి వేరుచేయుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఆరు కాళ్ల నల్లి వేరొక జీవి కాదు, ఎనిమిది కాళ్ల నల్లికి పిల్ల అని 19వ శతాబ్దములో క్రమముగా తేలినది.

చిగ్గరు నల్లి జీవితచక్రము విచిత్రమైనది. నేలలో పెట్టిన గ్రుడ్డునుండి ఆరు కాళ్ల డింభకము వెడలును. అది గడ్డిపరకమీదనో, రాలిన ఆకుమీదనో వేచియుండి, ఆ దారిన పోవు ఎలుకను గాని, చుంచెలుకను గాని, పక్షిని గాని పట్టుకొనును. చర్మములో నోటిని దింపి లాలాజలముతో కణములను కరగించి ఆ రసమును పీల్చును. రక్తము దీనికి ఆహారము కాదు. కొద్ది దినములలో కడుపు నిండిన పిమ్మట నేలకు రాలి మట్టిలో చేరును. అక్కడ రూపము మారి ఎనిమిది కాళ్లు కలదగును. అటుపిమ్మట అది ఏ జంతువును ముట్టదు. మట్టిలోని చిన్న కీటకముల గ్రుడ్లను తిని బ్రతుకును. అనగా ఈ జీవి బాల్యమున మాత్రమే పరాన్నజీవి, పెరిగిన పిదప స్వతంత్రజీవి.

ఇందువలన శాస్త్రజ్ఞులకు రెండు వేర్వేరు జాబితాలు తయారైనవి. ఎలుకలను పట్టువారికి డింభకములే దొరకును. మట్టిని జల్లెడపట్టువారికి పెద్దవి దొరకును. ఏ పిల్ల ఏ తల్లిదో ఎవరికి తెలియును? ఇటలీ శాస్త్రజ్ఞుడు బెర్లేసె 1905లో జావానుండి వచ్చిన పెద్ద నల్లిని చూచి ‘ట్రాంబిక్యులా’ అను ప్రజాతిని స్థాపించినాడు. తరువాతివారు తమకు దొరికిన డింభకములను కుప్పలుగా అదే ప్రజాతిలో చేర్చుచు పోయినారు. ఇల్లు ఒకరిది, కాపురము వేరొకరిది అన్నట్లైనది.

జపాను ఎర్రపురుగు డింభకమునకు 1910లో ఫ్రాన్సుకు చెందిన బ్రంప్ట్ ‘అకముషి’ అనియే శాస్త్రీయ నామము పెట్టినాడు. రైతు మాట ఆ విధముగా గ్రంథములకెక్కినది. 1916లో నాగయో, ఆయన సహచరులు ‘లెప్టోట్రాంబిడియం’ అను పేరును ప్రవేశపెట్టినారు. 1917 నాటికి జపాను శాస్త్రజ్ఞులు డింభకమును ప్రయోగశాలలో పెంచి అది ఎనిమిది కాళ్ల నల్లిగా మారుటను కన్నులార చూచినారు. తల్లికి పిల్లకు గల సంబంధము ఊహతో కాక, పెంచి చూచుటచే తేలిన ఘట్టమిది.

దీనివలన ఒక పెద్ద ప్రశ్న కూడ పుట్టినది. డింభకము జన్మలో ఒక్కసారియే జంతువును పట్టునుగదా! అట్లయిన అది ఒక ఎలుకనుండి రోగబీజమును గ్రహించి, మరల మనిషిని కుట్టి అంటించుట ఎట్లు? తల్లినుండి గ్రుడ్డు ద్వారా పిల్లకు రోగబీజము సంక్రమించుననుటయే దీనికి జవాబు. కావున ఇక్కడ నల్లి కేవలము రోగమును మోయు బండి కాదు, రోగబీజమును తరతరములు కాపాడు గాదె. ఆ గాదె ఏ జాతియో తెలిసికొనుట ఇందుచేతనే ముఖ్యమైనది. ఆ సూక్ష్మజీవికి 1930, 1931 సంవత్సరములలో రికెట్సియా ప్రజాతిలో పేర్లు పెట్టినారు. 1995లో దానిని వేరుచేసి ‘ఓరియెన్షియా త్సుత్సుగముషి’ అనిరి.

డాలు, రోమములు, కొలతలు

కంటికి నలుసువలె కనిపించు జీవులలో జాతులను ఎట్లు వేరుచేయుదురు? మొదట ఎలుకను గాని చుంచెలుకను గాని పట్టి, దాని జాతి, పట్టిన చోటు, తేది వ్రాసికొందురు. పిదప చెవులనుండి నల్లులను తీయుదురు. లేక ఎలుకను నీటి పళ్లెముపైన జాలి పంజరములో ఉంచినచో, కడుపు నిండిన నల్లులు తామే నీటిలో రాలును. నల్లిని రసాయన ద్రవములో ఉంచి పారదర్శకముగా చేసి, గాజు పలకమీద బిగించి సూక్ష్మదర్శినితో చూతురు.

డింభకము వీపు ముందుభాగమున చిన్న డాలువంటి ఫలకము ఉండును. దానిమీద రెండు స్పర్శరోమములు ప్రత్యేకమైన గుంటలనుండి లేచియుండును. కొన్ని ప్రజాతులలో ఇవి సన్నని కొరడాలవలెను, మరికొన్నింటిలో గదలవలె కొన లావుగాను ఉండును. లెప్టోట్రాంబిడియములో ఇవి కొరడాల రూపమున ఉండును. ఇవి కాక డాలుమీద మరి అయిదు రోమములు, ముందు నడుమ ఒకటి, నాలుగు మూలల నాలుగు, కనిపించును. మన దేశపు చుంచెలుకలమీద, పందికొక్కులమీద దొరకు ‘షోంగాస్టియెల్లా’లో డాలు నాలుకవలె వెనుకకు సాగి, దానిమీద అనేక రోమములు ఉండును. దీనిలో ఒక జాతికి ‘లిగ్యులా’ అని పేరు; లాటినులో చిన్న నాలుక అని అర్థము.

తరువాత కాళ్ల కణుపులను లెక్కింతురు. కొన్ని ఉపకుటుంబములలో మూడు జతల కాళ్లకును ఏడేసి కణుపులు. మరికొన్నింటిలో మొదటి జతకు ఏడు, మిగిలిన రెండు జతలకు ఆరేసి. వీపుమీది రోమముల వరుసలను కూడ లెక్కింతురు. ‘డెలియెన్సే’ అను జాతిలో సాధారణముగా 2, 8, 6, 6, 4, 2 చొప్పున మొత్తము 28 రోమములు ఉండును. డాలు వెడల్పు, రోమముల నడుమ దూరము మైక్రానులలో కొలుతురు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు.

ఒక్క నల్లిని కొలిచి జాతిని నిర్ణయించుట సాహసము. ఒక తరగతిలోని పిల్లలందరు ఒకే ఎత్తున లేనట్లే, ఒక జాతిలోని నల్లుల కొలతలు కూడ కొంత హెచ్చుతగ్గులుగా ఉండును. కావున పెక్కింటిని కొలిచి సగటును, హద్దులను తీయవలెను. ఆస్ట్రేలియాలోని ఎడిలైడులో దక్షిణాస్ట్రేలియా మ్యూజియమునకు చెందిన వోమర్స్‌లీ ఇట్టి ప్రామాణిక కొలతలతో 1943లో హీస్లిప్ అను వైద్యునితో కలిసి ఒక గ్రంథమును, 1952లో ఆసియా, పసిఫిక్ ప్రాంతముల నల్లులపై పెద్ద గ్రంథమును ప్రకటించినాడు. అమెరికాలో వార్టన్, ఫుల్లర్ అనువారి ‘చిగ్గరుల కరదీపిక’ కూడ 1952లోనే వెలువడినది. అంతకుముందు సంవత్సరము వార్టన్, మరి అయిదుగురు కలిసి ప్రతి రోమమునకు, ప్రతి కొలతకు అందరు వాడదగిన పేర్లను నిర్ణయించినారు. అంతవరకు ఒకరి వర్ణన మరియొకరికి బోధపడుట కష్టముగా ఉండెడిది.

ఒక పేరు క్రింద రెండు జాతులు

ఈ కొలతలవలన కలిగిన లాభమేమో చూతము. సుమత్రా ద్వీపములో డెలి అనునది పొగాకు తోటల ప్రాంతము. అక్కడి కూలీలకు వచ్చు టైఫస్ వంటి జ్వరమును గూర్చి డచ్చి వైద్యులు పరిశోధించినారు. 1922లో వాల్ఖ్ అక్కడి నల్లిని వర్ణించి, ఆ ఊరి పేరనే దానికి ‘డెలియెన్సిస్’ అని పేరు పెట్టినాడు. అదియే నేటి లెప్టోట్రాంబిడియం డెలియెన్సే. మలయాలో ఫ్లెచరు మొదలగు వైద్యులు పట్టణములలో వచ్చు టైఫస్‌ను, పొదలలో పనిచేయువారికి వచ్చు టైఫస్‌ను వేరుచేసినారు. ఈ రెండవదానికి ‘స్క్రబ్ టైఫస్’ అని పేరు. స్క్రబ్ అనగా పొదలు. ఇదియు జపాను నదీ జ్వరమును ఒక్కటియేనని 1936లో లూత్‌వేట్, సావూర్ నిరూపించినారు.

రోగము ఒక్కటి కాగానే, నల్లి కూడ ఒక్కటియే అను తలంపు సహజముగా కలిగినది. మలయాలోను, న్యూగినీలోను గడ్డిభూములలో దొరకు ఒక నల్లిని చాలకాలము ‘అకముషి’ అనియే వ్యవహరించినారు. వోమర్స్‌లీ, హీస్లిప్ 1943లో వర్ణించిన ‘ఫ్లెచెరి’ అను జాతియే అదియని తరువాతి పరిశీలనలలో తేలినది. అసలైన అకముషి జపాను నదీతీరముల వేసవి జీవి. ఫ్లెచెరి ఉష్ణమండలపు గడ్డిబీళ్లలో ఉండును. డెలియెన్సే అడవిలోను, అడవి అంచులలోను హెచ్చు. ఒకే పేరు వాడినంతకాలము జపానులో నేర్చిన పాఠమును మలయాకు, మలయాలో నేర్చినదానిని జపానుకు అప్పగించు ప్రమాదమున్నది. వేరు పేర్లు వచ్చిన పిదప, ఏ నేలలో ఏ నల్లిని వెదకవలెనో స్పష్టమైనది.

యుద్ధకాలపు పాఠము

ఈ శ్రద్ధ అంతయు అకస్మాత్తుగా హెచ్చుటకు కారణము రెండవ ప్రపంచయుద్ధము. న్యూగినీ, బర్మా, అస్సాం సరిహద్దులలో పోరాడిన సైనికులలో వేలమంది స్క్రబ్ టైఫస్‌కు గురియైనారు. నాడు దీనికి తగిన మందు లేదు. మన దేశములోని ఇంఫాలులో ఆగ్నేయాసియా సైన్యాధిపత్యము క్రింద స్క్రబ్ టైఫస్ పరిశోధనశాల వెలసినది. అక్కడ 1945 ప్రాంతమున రాల్ఫ్ ఆడి, ఆయన సహచరులు ఎలుకలను, చుంచెలుకలను పట్టి వాని నల్లులను వేర్పరచు పని చేసినారు. ఆడి ఆ పనిని తరువాత కౌలాలంపూరులోని వైద్య పరిశోధన సంస్థలో కొనసాగించి, 1968లో ‘ఎర్ర నల్లులు, టైఫస్’ అను గ్రంథమును వెలువరించినాడు.

ఆయన గ్రహించిన విషయము ముఖ్యమైనది. నల్లులు నేల అంతట సమముగా ఉండవు. సముద్రములో దీవులవలె అక్కడక్కడ గుంపులుగా ఉండును. ఒక చోట కూర్చున్న సైనికుల దళమునకు జ్వరము రావచ్చును; కూతవేటు దూరమున ఉన్నవారికి ఏమియు కాకపోవచ్చును. అడవి నరికి పోడు వేసి విడిచిన భూములలో పొదలు పెరిగి, ఎలుకలు చేరి, వానితో నల్లులు చేరును. కావున ఈ వ్యాధి కేవలము అడవి ఇచ్చినది కాదు. మానవుడు నేలను మార్చి విడిచిన చోట బలపడునది. ఎలుకమీది నల్లుల జాతులను చూచి ఆ ఎలుక అడవిలో తిరిగినదో, గడ్డిలో తిరిగినదో చెప్పవచ్చునని కూడ ఆయన చూపినాడు. ఉత్తరముమీది తపాలా ముద్ర ఊరి పేరు చెప్పినట్లు, నల్లి ఎలుక తిరిగిన నేలను చెప్పును.

1948లో స్మాడెల్ బృందము మలయాలో క్లోరాంఫెనికాల్ అను మందు ఈ జ్వరమును మాన్పునని నిరూపించినది. నేడు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ అను మందులు వాడుచున్నారు. మందు దొరకినది కనుక నల్లి పేరుతో ఇక పనియేమి అని కొందరు అనుకొనవచ్చును. దానికి జవాబు మరల జపానులోనే లభించినది.

ఋతువు మారిన జ్వరము

1948లో ఫ్యూజీ పర్వతపు దిగువన ఉన్న అమెరికా సైనికులకు ఈ జ్వరము వచ్చినది. అది నదీతీరము కాదు. అకముషి ఉండు చోటు కాదు. ఈజు దీవులలో కూడ చలికాలపు జ్వరమొకటి పూర్వమునుండి ఉన్నది. పరిశీలింపగా, నాగయో బృందము అంతకు చాలముందే వర్ణించి పేర్లు పెట్టియుంచిన ‘పల్లిడం’, ‘స్క్యుటెల్లారే’ అను జాతులు ఈ రోగమును మోయుచున్నవని తేలినది. అవి వేసవిలో కాక, శరత్తు మొదలు వసంతము వరకు మనుష్యులను పట్టును. నదీతీరపు పాత జ్వరము క్రమముగా తగ్గిపోయినను, 1970 దశకపు చివరినుండి ఈ క్రొత్త రకపు జ్వరము జపానులో అనేక మండలములలో హెచ్చినది.

వేసవి జ్వరమని నమ్మిన వైద్యుడు శరత్కాలమున వచ్చిన రోగిని చూచి దీనిని అనుమానింపడు. అనుమానింపనిచో నల్లని పొక్కును వెదకడు. సరియైన మందు వేళకు ఇయ్యడు. మొదట అవసరములేనివిగా తోచిన రెండు లాటిను పేర్లు వైద్యునికి క్రొత్త పంచాంగమును ఇచ్చినవి.

నేటి పని

ప్రపంచములో ఇప్పటికి మూడు వేలకు పైగా చిగ్గరు జాతులు వర్ణింపబడినవి. వీనిలో చాలభాగము డింభకములుగా మాత్రమే మనకు తెలియును. మనిషికి స్క్రబ్ టైఫస్‌ను అంటించునవి కొన్ని మాత్రమే. ఎలుకమీద దొరకినంతమాత్రమున నల్లి దోషి కాదు. అది రోగబీజమును మోయుచున్నదా, తల్లినుండి పిల్లకు అందించుచున్నదా, మనిషిని పట్టు అలవాటు దానికున్నదా అని మూడు విధముల విచారింపవలెను. ఈ విచారణకు మొదటి మెట్టు జాతి నిర్ణయము.

పాత పద్ధతిలో ఒక ఇబ్బంది ఉండెడిది. నల్లిని పారదర్శకముగా చేసినచో దానిలోని డి.ఎన్.ఏ. చెడిపోవును, డి.ఎన్.ఏ. తీసినచో రూపమును చూచుట కష్టము. కొన్ని కాంతికిరణములు సోకినపుడు నల్లి దేహము తానే వెలుగును. ఆ వెలుగులో డాలును, రోమములను చూచి, అదే నల్లినుండి డి.ఎన్.ఏ. తీయు పద్ధతిని థాయిలాండులో చేసిన పరిశోధనల ఆధారముగా 2018లో ప్రకటించినారు. పాత కొలత, క్రొత్త రసాయనము ఒకే నల్లిపై కలిసికొన్నవి.

ఈ జ్వరము ఆసియా, ఆస్ట్రేలియా ఖండములకే పరిమితమను నమ్మిక కూడ చెదరినది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు చిలోయే ద్వీపములో రోగియొకడు 2006లో బయటపడినాడు. 2020లో అక్కడి సూక్ష్మజీవికి వేరు పేరు సూచింపబడినది. వెంటనే శాస్త్రజ్ఞులు చేసిన పని అక్కడి అడవి ఎలుకలను పట్టి, వానిమీది నల్లులు ఏ ప్రజాతులవో చూచుటయే.

మన దేశములో హిమాలయ ప్రాంతములు మొదలు తమిళనాడు వరకు స్క్రబ్ టైఫస్ ఉన్నది. తిరుపతి, హైదరాబాదు ఆసుపత్రులనుండి కూడ రోగుల వివరములు ప్రకటింపబడినవి. మనకు ముఖ్యవాహకముగా పేరుపొందినది డెలియెన్సే. అయినను జపాను చరిత్ర చూచినవారు అంతటితో తృప్తిపడరాదు. మన మెట్టపొలములలో, తూర్పు కనుమల పోడు భూములలో, ఇండ్ల చుట్టునున్న పొదలలో ఏ నెలలో ఏ జాతి హెచ్చునో ఊరూర పరిశీలించి వ్రాయదగిన పని.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఎలుకలను పట్టి చెవులు చూచు పని శిక్షణ పొందినవారిదే. విద్యార్థులను దానికి పంపరాదు. కాని ఆరుద్ర పురుగులు వచ్చు దినములలో ఒక భూతద్దము చాలును. దాని కాళ్లను లెక్కింపజేయుడు. కీటకముతో పోల్చి చూపుడు. కనిపించిన తేదిని, చోటును, నేల స్వభావమును పుస్తకములో వ్రాయింపుడు. పిల్లలకు మరియొక మాట కూడ చెప్పుడు: పొదలలో, గడ్డిలో తిరిగిన పిమ్మట ఒడలు కడుగుకొని బట్టలు మార్చుకొనవలెను, విడువని జ్వరము వచ్చినచో, చంకలలో గాని గజ్జలలో గాని నల్లని పొక్కు ఉన్నదేమో చూచి వెంటనే వైద్యునికి చూపవలెను.